పదో నంబరు స్పానరు

చెప్పండి, ఏం చూశారు?

ఇసుకలో గోనెపట్టా. దాని పక్కన చెక్క స్టాండుకి బిగించిన పాత బోటు ఇంజను, పైమూత తీసేసి ఉంది. దాని ముందు ముప్పై ఏళ్ళ మనిషి గొంతుక్కూర్చున్నాడు. పెట్రోలు పోసిన అల్యూమినియం పళ్ళెంలో ఇత్తడి ముక్కలు మునిగి ఉన్నాయి. అతని వేళ్ళు వణుకుతున్నాయి. చిన్న స్క్రూ ఒకటి రెండుసార్లు జారి ఇసుకలో పడింది. వెతికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్రోల్లో వేశాడు.

పని రానివాడు అంటారు. అనండి. ఆ రోజు మొగపేట రేవులో నిలబడ్డవాళ్ళందరూ అదే అన్నారు.

కూర్మారావుకి పని వచ్చు. కాశిం మేస్త్రి పక్కన ఎనిమిదేళ్ళు ఆ గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఇంజను దగ్గు విని లోపల ఏది ఇరుక్కుందో చెప్పగలడు. అందుకే భయం. పని తెలియనివాడికి భయమెందుకుంటుంది? ఏం పోతుందో వాడికి తెలీదు కదా.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. నది సముద్రంలో కలిసే నోటిని అక్కడ మొగ అంటారు. బోటు చేపల వేటకి వెళ్ళాలంటే ఆ మొగ దాటాలి. నది ఇటు తోస్తుంది, సముద్రం అటు తోస్తుంది. నడుమ ఇసుకదిబ్బ ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. దాని మీద మూడు వరసలుగా కెరటాలు విరుగుతాయి. ఇంజను జోరు మీద ఉంటే ఒక బీడీ కాల్చేలోగా దాటేస్తారు.

కార్బొరేటర్ అంటే ఇంజనుకి ముక్కూ నోరూ. గాలీ చమురూ కలిసి లోపలికి పోయే చోటు. అందులో జెట్ అని చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ వెంట్రుక దూరేంత కన్నం. ఆ కన్నానికి ఉప్పు పట్టినా, పాత కిరసనాయిలు జిగురు కట్టినా ఇంజను ఆగిపోతుంది. నదిలో ఆగితే చూసినవాళ్ళు నవ్వుతారు. మొగలో ఆగితే నవ్వడానికి ఎవరూ ఉండరు.

మాఘమాసంలో అప్పలసామి ఇంజను కడిగింది కూర్మారావే. కడిగిన నాలుగో రోజున అది మొగలో ఆగింది. మొదటి కెరటం బోటుని అడ్డంగా తిప్పింది. రెండోది బోల్తా కొట్టించింది. ముగ్గురు ఈదుకొచ్చారు. అప్పలసామి మూడో రోజున పక్క ఊరి ఒడ్డుకి చేరాడు.

ఇంజను చేరలేదు. ఏ ఇసుక కిందో ఉండిపోయింది.

దొరికి ఉంటే కూర్మారావు విప్పి చూసుకునేవాడు. తప్పు తనదో కాదో తేలేది. దొరకలేదు కాబట్టి రోజూ రాత్రీ పగలూ ఆ ఇంజనుని మనసులోనే విప్పుతున్నాడు. స్క్రూ బిగించానా? బిగించాను. కన్నం చూశానా? చూశాను. చూసినట్టే గుర్తు. నిజంగా చూశానా?

అప్పలసామి తల్లి వాడి తల మీద చెయ్యేసి, "నీ తప్పేటీ లేదు నాయినా, సముద్రం అడిగింది, ఇచ్చుకున్నాం" అంది. ఆమె తిట్టి ఉంటే వాడు తట్టుకునేవాడు.

తరవాత రెండు నెలలు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కాయి. ఇంజన్లలో మిగిలిన కిరసనాయిలు ఎండి జిగురైంది. నిషేధం ముగిసే వారంలో ఊరి ఇంజన్లన్నీ కడగాలి. అందులో దానేసు ఇంజను ఒకటి. దానేసు ఎవరో కాదు, కూర్మారావు అక్క నరసమ్మ మొగుడు.

ఆ ఇంజను కార్బొరేటర్‌ని కూర్మారావు మూడు రోజుల్లో పదకొండు సార్లు విప్పాడు.

రేవులో ఒక ఆచారం ఉంది. పని పూర్తయ్యాక మెకానిక్ ఇంజనుని డ్రమ్ము నీళ్ళలో నిలబెట్టి, తాడు తానే లాగి స్టార్ట్ చేస్తాడు. అది చక్కగా అందుకున్నాక ఆపి, తాడు పిడిని బోటు మనిషి చేతిలో పెడతాడు. మాటా సంతకమూ ఏమీ ఉండవు. తాడు చేతిలో పడిందంటే, ఇక ఆ ఇంజనుని నమ్మొచ్చు అని మెకానిక్ చెప్పినట్టు.

పదకొండు సార్లూ ఇంజను చక్కగానే అందుకుంది. పదకొండు సార్లూ దానేసు చెయ్యి చాచాడు. కూర్మారావు తాడు పక్కన పెట్టి, మళ్ళీ విప్పడానికి జేబులోంచి పదో నంబరు స్పానరు తీశాడు.

"ఒరే బామ్మర్దీ, ఇంజను కడుగుతున్నావా, పసిపిల్లకి నలుగు పెడుతున్నావా?" అన్నాడు దానేసు.

"ఒక్కసారి సూత్తాను బావా."

"మూడ్రోజుల్నించి ఒక్కసారే సూత్తన్నావు. రేపు తెల్లారితే ఊరంతా ఏటకెల్తాది. నాను ఒడ్డున కూకుని నీ పల్లెంలో ఏటాడుకోవాలేటి?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక వెనక నుంచి ఎవడో గొంతు తగ్గించి, "ఆడి సేత్తో కడిగిన ఇంజను మనకొద్దులే" అన్నాడు.

తగ్గించినా వినపడింది. దానేసు వెనక్కి తిరిగి చూశాడు, అన్నవాడెవడో కనిపెట్టలేకపోయాడు. కూర్మారావు తల ఎత్తలేదు. స్క్రూ మళ్ళీ ఇసుకలో పడింది.

అప్పుడు వచ్చాడు కాశిం మేస్త్రి. డెబ్బై ఏళ్ళ మనిషి. లారీ షెడ్లలో పని నేర్చుకుని, ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊరికొచ్చి ఉండిపోయాడు. కుడిచెవి వినపడదు. అందుకని ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి రోగం కనిపెడతాడు. రోజుకి ఐదుసార్లు చేతులు కడుక్కుంటాడు, అయినా గోళ్ళలో నలుపు పోదు. ఊళ్ళో ఆయన్ని సాయిబు గోరు అంటారు, అక్కడి యాసలో గారు అంటే గోరే. ఆయన నోట పెద్ద మాటలు ఎవరూ వినలేదు.

గోనెపట్టా మీద శిష్యుడి పక్కన కూర్చున్నాడు. 

కూర్మారావే అడిగాడు. "మేస్త్రి గోరూ, ఎంత సుబ్రం సేత్తే సాలు? ఇంక ఆగదు అని ఎప్పుడు తెలుత్తాది?"

మేస్త్రి పళ్ళెంలోంచి జెట్ తీసి, లుంగీ అంచుకి తుడిచి, శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఎండకి పెట్టి చూడు. ఏం కనపడుతోంది?"

"ఎలుగు."

"ఎలా ఉంది?"

కూర్మారావు ఒక కన్ను మూసి చూశాడు. మామూలుగా ఆ వెలుగు ఆవగింజలా గుండ్రంగా ఉంటుంది. ఇప్పుడు అది గుండ్రంగా లేదు. ఒక పక్కకి సాగి, కోడిగుడ్డులా ఉంది.



"దేంతో పొడిచావు?"

"గేలం ముల్లు తిన్నగా సేసి..."

"ఎన్నోసారి?"

"తొమ్మిదోసారి. లోపల ఇంకా ఏదో ఉండిపోయినట్టు అనిపించింది, మేస్త్రి గోరూ."

ఆ కన్నంలో వలదారం తప్ప మరేదీ పెట్టకూడదు. నైలాన్ పోగు ఒకటి విడదీసి, పెట్రోల్లో తడిపి, మెల్లగా దూర్చి లాగాలి. ఇత్తడి మెత్తన. ఇనప ముల్లు తగిలితే కన్నం పెరుగుతుంది. పెరిగితే చమురు ఎక్కువ పోతుంది. డ్రమ్ములో బాగానే ఉంటుంది. బరువు మీద, ఎదురు కెరటం మీద జోరు పెంచినప్పుడు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఈ సంగతి కూర్మారావుకి మొదటి ఏడాదిలోనే నేర్పారు. వాడే ఇంకో నలుగురికి నేర్పాడు.

"దుమ్ము పోయాక కూడా గీకితే ఇత్తడే రాలుతుంది" అన్నాడు మేస్త్రి. అంతే అన్నాడు.

కూర్మారావు లేచి పడవల చాటుకి వెళ్ళి కక్కుకున్నాడు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బావ చాచిన చేతిలో తాడు పెట్టి ఉంటే? ఏ చావుకి భయపడ్డాడో ఆ చావుని తన చేత్తోనే చెక్కాడు. మాఘమాసంలో కూడా ఇలాగే చేశానా? అప్పుడు ముల్లు వాడలేదు. వాడలేదనే గుర్తు.

తిరిగొచ్చేసరికి మేస్త్రి తన రేకు డబ్బాలో వెతుకుతున్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన ఇంజనులోంచి దాచిన పాత జెట్ ఒకటి తీసి ఊది ఇచ్చాడు.

"కడుగు. ఒక్కసారి."

"మీరు సూడండి."

"చూడను."

మేస్త్రి నది వైపు తిరిగి కూర్చున్నాడు.

కూర్మారావు కడిగాడు. పోగు దూర్చి లాగాడు. నోటితో ఊదాడు. ఎండకి పెట్టి చూశాడు, ఆవగింజ. కార్బొరేటర్ కింద చమురు నిలిచే గిన్నెలో అడుగున పట్టిన జిగురు గుడ్డతో తీశాడు. ఆ చమురులో తేలే బెండు పైకీ కిందకీ ఆడించాడు. చమురుని ఆపే సూది దాని గుంటలో కూర్చుంది. గిన్నె మూశాడు. గాలి స్క్రూ పూర్తిగా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. కార్బొరేటర్‌ని ఇంజనుకి పెట్టి, పదో నంబరు స్పానరుతో రెండు నట్లూ బిగించాడు. 

డ్రమ్ములో నిలబెట్టి తాడు లాగాడు. రెండో లాగుకి అందుకుంది. ఆపాడు. దానేసు చెయ్యి చాచాడు.

కూర్మారావు పిడికిలి విడిపడలేదు. వదలాలనే చూశాడు. వేళ్ళు తెరుచుకోలేదు.

"ఇయ్యరా!" అన్నాడు దానేసు. అన్నాక వాడి మొహం చూసి చెయ్యి దించేశాడు.

మేస్త్రి లేచి లుంగీ దులుపుకున్నాడు. "దానేసూ, నీ బోటు తెడ్లేవి?"

"తెడ్లా?" దానేసు నవ్వాడు. "ఇంజనుండగా తెడ్లెందుకు సాయిబు గోరూ?"

"ఏవి?"

"మా ఇంటిది ఆటి మీద సీరలారేత్తంది."

"పట్రా. మొగ దాటి చూద్దాం. నేనూ వస్తాను."

నవ్వుతున్నవాళ్ళు ఆగిపోయారు. సాయిబు గోరికి ఈత రాదు. ముప్పై ఏళ్ళలో ఆయన మొగ దాటలేదు. ఇంజన్ల పరీక్షంతా డ్రమ్ములోనే, మహా అయితే నదిలో రేవు నుంచి రేవుకి. సముద్రాన్ని ఆయన ఒడ్డు మీద నుంచే చూస్తాడు, అదీ వీపు చూపించకుండా.

తెడ్లు నరసమ్మే తెచ్చింది. రెండూ భుజాన వేసుకుని, ఆరీఆరని చీరలు చంకలో పెట్టుకుని వచ్చింది. బోటులో పడేసి, తమ్ముడి మొహం చూసింది, మొగుడి మొహం చూసింది. ఏమీ అడగకుండా వెనక్కి జరిగింది.

ఇక్కడొక మాట చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాఘమాసంలో అప్పలసామి బోటులో తెడ్లు లేవు. ఆ మాట ఊళ్ళో ఒక్కడూ అనలేదు. ఎలా అంటారు? ఎవడి బోటులోనూ లేవు. ఇంజన్లు వచ్చాక తెడ్లు దండేలయ్యాయి, కోళ్ళ గూటికి వాసాలయ్యాయి. నాదీ ఆ ఊరే, పెద్దవాళ్ళం మేమూ చూస్తూ ఊరుకున్నాం. ఆ చావుని ఎవరో ఒకరి మెడకి కట్టాలి కాబట్టి కార్బొరేటర్ కడిగినవాడి మెడకి కట్టాం.

మధ్యాహ్నం పోటు నిండాక ముగ్గురూ బయల్దేరారు. దానేసు ముందు, మేస్త్రి నడుమ, కూర్మారావు వెనక ఇంజను దగ్గర.

నదిలో నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఇంజను పెట్రోలు మీద అందుకుంది, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చాడు. శబ్దం నిలకడగా ఉంది. ఎదురుగా మొగ దగ్గర తెల్లటి గీత కనిపిస్తోంది. ముందు గీత. తరవాత గోడ. దగ్గరవుతున్నకొద్దీ దాని చప్పుడు బోటు చెక్కల్లోంచి అరికాళ్ళకి ఎక్కుతోంది.

"మేస్త్రి గోరూ" అన్నాడు కూర్మారావు. "సౌండు తేడాగా ఉంది."

మేస్త్రి ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు.

"ఉంది మేస్త్రి గోరూ. నాకు ఇనపడతంది. ఇక్కడే ఆపి ఒక్కసారి ఇప్పి సూత్తాను. గట్టిగా పది నిమిసాలు." అప్పటికే జేబులోంచి స్పానరు తీసేశాడు.

మేస్త్రి చెయ్యి చాచాడు. "అదిలా ఇయ్యి."

ఇచ్చాడు.

అది మేస్త్రి లారీ షెడ్డు నుంచి తెచ్చుకుని, తరవాత శిష్యుడికి ఇచ్చిన స్పానరు. ముప్పై ఏళ్ళ వాడకానికి అంచులు అరిగి మెరుస్తున్నాయి. ఆయన దాన్ని ఒకసారి బొటనవేలితో తుడిచాడు. బోటు అంచు మీదుగా చెయ్యి బయటపెట్టి, వేళ్ళు విప్పాడు.

చప్పుడు కూడా కాలేదు. నీళ్ళు మూసుకున్నాయి.

"మేస్త్రీ!" కూర్మారావు అరిచాడు. ఎనిమిదేళ్ళలో ఆయన్ని 'గోరు' లేకుండా పిలవడం అదే మొదలు. "ఏటిది? అది లేకపోతే సచ్చిపోతాం!"

"ఉంటే?" అన్నాడు మేస్త్రి.

దానేసు ముందు నుంచి, "సాయిబు గోరికి ఏటైనా పట్టినాదా? ఎనక్కి తిప్పేద్దామా?" అని కేకేశాడు.  మేస్త్రి కాలితో ఒక తెడ్డుని జరిపాడు. అది దొర్లి కూర్మారావు పాదానికి తగిలి ఆగింది.

అప్పటికి మొగలో ఉన్నారు.

మొదటి కెరటం ఎక్కారు. బోటు ముక్కు ఆకాశం వైపు లేచి, దబ్బున పడింది. ఉప్పునీళ్ళు మొహాన కొట్టాయి. రెండో కెరటం పెద్దది. దాని తల విరగకముందే ఎక్కి దిగారు. మూడోది ఎదురుగా లేస్తోంది. ఇంకా విరగలేదు. ఆకుపచ్చగా, అద్దంలా, లోపల ఇసుక తిరుగుతూ కనిపిస్తోంది.

ఇంజను ఆగింది.

దగ్గలేదు, గొణగలేదు. మాట్లాడుతున్న మనిషి నోరు మూసుకున్నట్టు ఆగింది. ఒక్కసారిగా సముద్రం చప్పుడంతా బోటులోకి వచ్చింది.

కూర్మారావు చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

ఎంతసేపు అలా ఉండిపోయాడో వాడికి తెలీదు. దానేసు తరవాత చెప్పాడు, రెప్పపాటేనట. వాడికి మాత్రం ఆ ఖాళీ జేబులో చెయ్యి పెట్టుకుని ఒక వయసంతా గడిచినట్టుంది. మాఘమాసంలో అప్పలసామి ఏం చూశాడో వాడు చూశాడు. అడ్డంగా తిరగడం మొదలుపెట్టిన బోటు, ఎదురుగా అద్దం లాంటి గోడ, చేతిలో ఏమీ లేకపోవడం.

అప్పుడు పాదానికి తెడ్డు తగులుతున్నట్టు తెలిసింది.

వాడు మెకానిక్ కాకముందు ఇరవై ఏళ్ళు తెప్ప మీద పెరిగినవాడు. తెడ్డు ఎలా పట్టుకోవాలో చేతులకి చెప్పనక్కర్లేదు. "బావా, ఎడమ! ఎడమకి లాగు!" అని అరుస్తూ నీళ్ళలో గుచ్చాడు. దానేసు రెండో తెడ్డు అందుకున్నాడు. బోటు ముక్కు తిరిగింది, ఇంకొంచెం తిరిగింది, కెరటానికి ఎదురుగా నిలబడింది. కెరటం విరిగింది. ముగ్గురూ మునిగారు. బోటు మునగలేదు.

"మళ్ళీ వత్తంది! ఆగకు!"

ఆగలేదు. భుజాలు తెగిపోతున్నాయి. కూర్మారావు ఒక్కసారి తల తిప్పి చూశాడు. మేస్త్రి వెనక్కి పాకి ఇంజను మీద ఒరిగి కూర్చున్నాడు. టోపీ కొట్టుకుపోయింది. పెదాలు కదులుతున్నాయి. రెండు చేతులతో తాడు పిడి పట్టుకున్నాడు, ఆ చేతులు వణుకుతున్నాయి. ఇత్తడి స్క్రూ జారిపోయేంత వణుకు కాదు. మనిషి మొత్తం వణుకుతున్నాడు.

వణుకుతూనే లాగాడు. అందుకోలేదు. లాగాడు. అందుకోలేదు. మళ్ళీ లాగాడు. నాలుగోసారి ఇంజను ఒక నల్లటి పొగ వదిలి అందుకుంది.

బయటపడ్డారు.

మొగ అవతల సముద్రం ఊగుతోంది, విరగడం లేదు. ఇంజను ఏమీ జరగనట్టు నిలకడగా తిరుగుతోంది. దానేసు బోటు అడుగున వెల్లకిలా పడుకుని, ఉమ్మేస్తూ, తెలిసిన దేవతలందరికీ మొక్కుతున్నాడు. మధ్యలో ఆపి, "సాయిబు గోరూ, మీ అల్లాకి కూడా సెప్పండి, నా తరపున" అన్నాడు.

కూర్మారావు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అరచేతుల చర్మం లేచిపోయింది.

"మేస్త్రి గోరూ, ఎందుకాగింది?"

మేస్త్రి ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. 

"తెలీదు" అన్నాడు.

"మీకు తెలీదా?"

"తెలీదురా."

 కూర్మారావు అడిగాడు. "మరి అప్పలసామిది?"

మేస్త్రి కళ్ళు తెరిచి శిష్యుడి వైపు చూశాడు. చెప్పొచ్చు. నీ తప్పు కాదురా అనొచ్చు. ముసలి గొంతుతో, తడిసిన గడ్డంతో, ఆ క్షణాన ఆయన ఏం చెప్పినా వాడు నమ్మేవాడు.

"అదీ తెలీదు."

కూర్మారావు ఏడ్చాడు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. మొహం తడిగానే ఉంది కాబట్టి దానేసుకి తెలియలేదు. మేస్త్రికి తెలిసింది. ఆయన అటు తిరిగి, వీపు చూపించకుండా చూసే ఆ సముద్రానికి వీపు చూపించి, ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు మొగలో ఇంజను ఆగలేదు. ముగ్గురికీ భయం మాత్రం తగ్గలేదు. తెడ్లు రెండూ చేతుల్లోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం కూర్మారావు ఇంకో మూడు ఇంజన్లు కడిగాడు. ఒక్కోటి ఒక్కసారే. వేళ్ళు వణకడం ఆగలేదు. వణుకుతున్న వేళ్ళతోనే పోగు దూర్చాడు, స్క్రూలు బిగించాడు, మూడు తాళ్ళూ ఎవరివి వాళ్ళ చేతుల్లో పెట్టాడు. పెట్టేముందు ప్రతివాణ్ణీ ఒకటే అడిగాడు. "తెడ్లేవి?" ఒకడు విసుక్కున్నాడు. ఒకడు నవ్వాడు. ఇద్దరూ ఇంటికెళ్ళి తెచ్చుకున్నారు. మూడోవాడి తెడ్లు విరిగిపోయి ఉంటే, వాడికి పక్కింటి కోళ్ళగూడు విప్పించాడు. ఆ ఇంటి ముసలమ్మ కూర్మారావుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తెల్లవారుతోంది. బోట్లన్నీ నీళ్ళలోకి దించారు. రెండు నెలల తరవాత మొదటి వేట. మగవాళ్ళు వలలు సర్దుతున్నారు. ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, సద్దిమూటలు అందిస్తున్నారు. దానేసు బోటు ఎక్కి తాడు లాగాడు. మొదటి లాగుకే ఇంజను అందుకుంది. వాడు గర్వంగా బామ్మర్ది వైపు చూసి చెయ్యి ఊపాడు.

నరసమ్మ వెనక్కి తిరిగింది. నీళ్ళు తోసుకుంటూ తమ్ముడి దగ్గరికొచ్చి, వాడి చెయ్యి పట్టుకుంది. చర్మం లేచిన ఆ అరచేతిని గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"తమ్ముడా, నిజం సెప్పు. మొగలో ఆగదు కదా?"

మేస్త్రి నాలుగడుగుల దూరంలో, వినపడే చెవి ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. తల తిప్పలేదు. బోటు కదిలింది. ఆమె బోటు వైపు చూడటం లేదు, వాడి నోటి వైపే చూస్తోంది.

మీరైతే ఆమెకి ఏం చెబుతారు?